కమిటీ మేడం

వరంగల్‌లోని విశ్వవిద్యాలయం బీకాం సిలబస్ మార్చబోతున్నదని తెలిసిన రోజే రఘునాథ్ కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

సిలబస్ కమిటీలోకి మహబూబాబాద్ కాలేజీ నుంచి ఒక్క పేరు పంపాలి. కామర్స్‌లో ఉన్నది ఇద్దరే, రఘునాథ్, విజయ. సర్వీసులో అతనే పెద్ద. కాస్ట్ అకౌంటింగ్ చెప్పడంలో చుట్టుపక్కల తనను మించినవాడు లేడని అతని నమ్మకం. ఆ నమ్మకం తప్పు కూడా కాదు. ఒక వస్తువు తయారు కావడానికి అసలు ఎంత ఖర్చయిందో తేల్చే ఆ లెక్కను అతను మిర్చి యార్డుకూ, పత్తి జిన్నింగు మిల్లుకూ పిల్లలను తీసుకుపోయి చెప్పేవాడు.

ప్రిన్సిపాల్ విజయ పేరు పంపాడు.

“ఈ కాలేజీల ముందుగాల చేరింది మేడమే గద సార్. మీరు ఎంత తిరిగితే ఈడికి బదిలీ అయిందో మీకే ఎరుక. అయినా మీ ఇద్దరిల ఎవరు పోతే ఏంది, ఒక్కటే గద” అన్నాడు.

ఒక్కటే ఎట్లా అవుతుంది? రఘునాథ్ ఆ మాటను వారం రోజులు నమిలాడు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. పొద్దున రెండు క్లాసులు కాగానే లెక్చరర్లంతా గేటు ముందు టెంటు కింద రిలే దీక్షలో కూర్చునేవారు. రాష్ట్రం ఎప్పుడొస్తుందన్న ముచ్చట అయిపోగానే కమిటీ ముచ్చట వచ్చేది. ఎవరు పెట్టారో గాని, విజయకు ‘కమిటీ మేడం’ అని పేరు పడింది.

“కమిటీ మేడం వరంగల్ పోతున్నరు. ఇగ మిఠాయి మీరే పెట్టాలె, రఘునాథ్ సార్” అన్నాడు చరిత్ర చెప్పే దయాకర్.

అందరూ నవ్వారు. రఘునాథ్ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం డబ్బా మూత కూడా తీయలేదు.

“అన్నం మీద కోపమేంది సార్?”

దయాకర్ మాటకు విజయ ఆ డబ్బా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

అప్పటి నుంచి ఆమె చేసేదల్లా రఘునాథ్ కళ్లలో పడసాగింది. బోర్డు మీద రాసే ముందు గాజులు పైకి తోసుకోవడం. వరంగల్ నుంచి ఫోన్ వస్తే వరండాలో అటూ ఇటూ నడుస్తూ మాట్లాడటం. సంతకం కింద ఒక గీత గీయడం కూడా కమిటీలోకి పోయాకే మొదలుపెట్టిందనుకున్నాడు. పాత హాజరు పట్టీ తిరగేస్తే ఆ గీత మొదటి నుంచీ ఉన్నదే. అయినా అతని మనసు చల్లబడలేదు.

మొదటి సమావేశం నుంచి విజయ ఒక కబురు తెచ్చింది. కంప్యూటర్ అకౌంటింగ్ పెంచుతారట. దానికి చోటు కావాలంటే కాస్ట్ అకౌంటింగ్ పేపరు తీసేయాలంటున్నారట. అది నిలవాలంటే ఇక్కడి పంటలతో, మిల్లులతో పిల్లల చేత ఏమేం చేయించవచ్చో వచ్చే సమావేశంలో చెప్పి ఒప్పించాలట. పేపరు పోతే దాన్ని చెప్పే పోస్టు కూడా, కామర్స్‌కు మనిషి లేని భూపాలపల్లి కాలేజీకి పోతుంది. అది టెంటులో అందరికీ అర్థమైంది.

విజయ చెప్పేది ఇన్‌కంటాక్స్. అందరి ముందే రఘునాథ్‌ను అడిగింది.

“సార్, కాస్ట్ సంగతి నాకంత తెల్వది. ఏం చెప్తే నిలబడ్తదో జర చెప్పున్రి.”

“కమిటీల ఉన్నది మీరు మేడం. మీకు తెల్వనిది మాకేం తెలుస్తది?”

మరునాడు స్టాఫ్ రూంలో మళ్లీ అడిగింది. అతను పేపరు అడ్డం పెట్టుకుని ధర్నా వార్తలు చదివాడు. సమావేశానికి ముందురోజు క్లాసు గుమ్మం దగ్గర ఎదురుపడి, నాలుగు మాటలు చెప్పినా చాలునన్నది. గంట కొట్టారని చెప్పి అతను లోపలికి పోయాడు.

అతని లెక్క అతనికి ఉంది. ఆమె అక్కడ నోరు తెరవలేక వెనక్కి వస్తుంది. అప్పుడు కమిటీవాళ్లే తనకు కబురు పెడతారు. కొత్త చొక్కా మడత ఇంకా విప్పలేదు.

సమావేశం రోజు బస్సులు బంద్. విజయ పాసింజర్ రైలు పట్టుకుని పోయింది. మరునాడు టెంటులో ఒక మూల కూర్చుని, ఎవరో ఇచ్చిన నీళ్లు తాగి, పేపరు తీసేశారని చెప్పింది. నలుగురు ప్రొఫెసర్లు నాలుగు వైపుల నుంచి అడిగితే తన దగ్గర జవాబు లేకపోయిందన్నది.

వరంగల్ నుంచి ఎవరూ రఘునాథ్‌కు కబురు పెట్టలేదు.

ఎండాకాలం సెలవులు ఇచ్చే రోజున అతని పేరు మీద భూపాలపల్లి ఆర్డరు వచ్చింది. ప్రిన్సిపాల్ భుజం తట్టాడు. శనివారం శనివారం వచ్చిపోవచ్చు, ఎంత దూరమని దయాకర్ ధైర్యం చెప్పాడు. సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. స్టాఫ్ రూంలో వాళ్లిద్దరే మిగిలారు.

“ఇప్పుడు మీకు సల్లగున్నదా మేడం?” అన్నాడు రఘునాథ్. “ఇంకొక్కసారి గట్టిగ అడిగితే నేను చెప్పకపోదునా?”

విజయ తలుపు వైపు చూసింది. వరండాలో ఎవరూ లేరు. అతని బల్ల మీదున్న, మూత తీయని డబ్బాను తీసి తన సంచిలో పెట్టుకుంటూ మెల్లగా అన్నది.

“ఇంట్ల అడుగుదామంటే, కాలేజీ ముచ్చట గడప దాటి లోపలికి రావద్దని మన పెండ్లయిన తెల్లారే కట్టడి పెట్టింది నువ్వే గద.”