పేర్లు తీసేసిన పట్టిక

మూడోసారి కూడా "అనుమతి ఇవ్వలేం" అని మెయిలు వచ్చేసరికి పరిశోధకురాలికి అరికాలి మంట నెత్తికెక్కింది. రెండంతస్తుల మెట్లు ఏకబిగిన దిగి లైబ్రరీ వెనక గదిలోకి దూసుకుపోయింది. తలుపు కూడా తట్టలేదు.

ఆ గది డేటా అధికారిది. ఎవరి పరిశోధన వివరాలు ఆన్‌లైన్‌లో ఏ రిపాజిటరీలో భద్రపరచాలో తేల్చేది ఆయనే. ఏది తెచ్చినా తాళం ఉన్నదాంట్లోనే పెట్టమంటాడని యూనివర్సిటీలో అందరూ ఆయన్ని తాళం సార్ అంటారు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటున్న ఆ మనిషిని చూడగానే ఆమె మంట రెట్టింపయింది.

సాయంత్రం ఐదులోగా డేటాని, ఎవరైనా తెరిచి చూసుకోగల రిపాజిటరీలోనైనా సరే, పెట్టి, వాళ్ళిచ్చే నంబరు పంపకపోతే జర్నల్ ఆమె వ్యాసాన్ని తిప్పి పంపేస్తుంది. ఊళ్ళో ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళ మనోవ్యథ మీద మూడేళ్ళు గడపగడపా తిరిగి రాసిన వ్యాసం. అప్పటికే నాలుగూ పది.

"అడిగేవాళ్ళెవరో, ఎందుకడుగుతున్నారో చూసి ఇచ్చే రిపాజిటరీ ఉంది కదమ్మా. అందులో పెట్టండి," అన్నాడాయన.

దాని అనుమతికి మూడు వారాలు పడుతుందని ఆయనకీ తెలుసు. ఆమె ఒంటికాలి మీద లేచింది. పేర్లు తీసేశానంది. ఫోన్ నంబర్లు, ఇంటి నంబర్లు తీసేశానంది. వాళ్ళ బాధ లోకానికి తెలియాలనే తను కాళ్ళరిగేలా తిరిగిందనీ, తాళం వేసి దాచడానికి ఇదేమైనా మీ తాతగారి సొమ్మా అనీ అడిగేసింది.

"వాళ్ళే ఒప్పుకుని సంతకాలు పెట్టారు సార్. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఈసారి ఆయనకీ కోపం వచ్చింది. పేరు చెరిపేసినంత మాత్రాన మనిషి మాయమైపోదన్నాడు. వయసుంది, పనిచేసే చోటుంది, పిల్లలెందరో ఉంది, ఇరుగుపొరుగుకి ఇంకేం కావాలన్నాడు.

ఆమె ల్యాప్‌టాప్‌ని ఆయన ముందుకి తోసింది. "పన్నెండు వందల మంది ఉన్నారు. ఒక్కరినంటే ఒక్కరిని గుర్తుపట్టండి. గుర్తుపడితే మీరు చెప్పిన చోటే పెడతాను. లేదంటే ఇప్పుడే సంతకం పెట్టాలి."

తాడో పేడో తేల్చుకోవాలని ఆయనకీ ఉన్నట్టుంది. తనకి కాస్త తెలిసిన చోటే చూస్తానని చెప్పి, బస్సు డిపో వర్క్‌షాప్ అని కొట్టాడు. మూడు వరసలు మిగిలాయి. మొదటిది చదివి పెదవి విరిచాడు. గెలిచేశానని ఆమెకి లోపల సంబరంగా ఉంది.

రెండో వరస మీద వేలు పెట్టి పైకే చదివాడు. వయసు నలభై ఆరు. మెకానిక్. ఎడమ చెవి వినపడదు. ఇద్దరు కూతుళ్ళు, కవలలు. అక్కడ గొంతు కాస్త తగ్గింది గానీ చదవడం ఆపలేదు. డిప్రెషన్‌కి మందులు, నాలుగేళ్ళుగా. ఇంట్లో ఎవరికీ తెలియదు. బతకాలనిపించని రోజులు, నెలకి పది.

ఆ తర్వాత చదవలేదు. వేలు కూడా తీయలేదు.

"ఎవరో తెలియలేదు కదా సార్," అంటూ ఆమె కాగితం, పెన్నూ ముందుకి జరిపింది.

"పొద్దున నాకు బాక్సు కట్టిచ్చి, నవ్వుతూ పంపించింది ఈవిడేనమ్మా."