జనం స్పీకరు

ఊళ్లో ఆఖరి సినిమా హాలు మూతపడి పదేళ్లయింది. ఇప్పుడు ఇంటికో సినిమా హాలుంది, పక్కన కూర్చునే వాళ్లే లేరు. పాండురంగం ఇంట్లో వారం రోజులుగా ఒకటే రామాయణం, ముందు ఏ స్పీకరు కొనాలని. అతనికేమో గోడలదిరే బాస్ స్పీకరు మీద మనసు.

"గోడలదిరితే ఏమొస్తుందండీ? చుట్టూ నలుగురుంటేనే సినిమా," అంది భార్య సువర్చల.

ఎప్పటిలాగే ఆవిడ మాటే నెగ్గి, హాల్లో జనం సందడంతా వినిపించే 'జనం' స్పీకరు వచ్చింది. హీరో కనపడగానే వెనకనుంచి ఈలలు, చంటిపిల్ల ఏడుపు, "కూర్చోవయ్యా, కనపడట్లేదు!" అని కేకలు. పాండురంగానికి ప్రాణం లేచొచ్చింది. తనూ ఓ ఈల వేశాడు.

"కాస్త జరుగుతారా?" అంది చీకట్లో ఓ గొంతు, సరిగ్గా చెవి పక్కనే.

"ఆహా! ఎంత సహజంగా ఉందో!" అంటూ, మరీ చెవిలో మోగుతోందని అతను రిమోట్‌తో శబ్దం తగ్గించాడు. ఆ గొంతు మాత్రం తగ్గలేదు.

"నేనేనయ్యా!"

ఎదురు ఫ్లాటు దక్షిణామూర్తిగారు జంతికల పళ్లెంతో నిలబడి ఉన్నారు. "ఈలలు వినపడ్డాయి. ఇన్నాళ్లకి జనం చేరారనుకుని, తలుపు తీసుంటే వచ్చేశాను."

సువర్చల పెదవుల మీద వేలు పెట్టింది.

"ష్... నెమ్మదిగా బాబాయిగారూ! జనం మాటలు వినపడట్లేదు."