చావని చేపలు

చేపల్ని చంపడానికి కృపావతి వెనిగర్‌ని ఎంచుకుంది. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది. లాడ్జి వంటగదిలో నూడుల్స్ కోసమని సీసాలకు సీసాలు పడి ఉంటుంది. పైగా అక్వేరియంలో నీళ్ళు కలిపి పోసే పని కూడా ఆమెదే. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే కదా!

నిజానికి ఆ చేపల మీద ఆమెకి పగేమీ లేదు. కోపమంతా అవి ఆక్రమించిన చోటు కోసమే. అరకు స్టేషన్ నుంచి రోడ్డెక్కగానే కనిపించే ఆ లాడ్జి ముందు హాల్లో, కిటికీ పక్కన, నిరుటి దాకా కృపావతి కాఫీ బల్ల ఉండేది. పెదబయలు కొండవాలులో తనవాళ్ళు పండించిన గింజల్ని తనే వేయించి, పొడి కొట్టి, కాఫీ కాచి ఇచ్చేది. ఆ వాసనకే రైలు దిగిన జనం లోపలికొచ్చేవాళ్ళు.

లాడ్జి యజమాని వరహాలరావు భార్య సాయిదుర్గ, విశాఖలో చుట్టాలింట్లో చూసి ముచ్చటపడి, ఒక సముద్రపు నీళ్ళ అక్వేరియం తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టించింది. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చేపలు, వాటి వెనకాల ఊగే పగడపు గుత్తులు. కాఫీ బల్ల పెరట్లో చేతులు కడుక్కునే కుళాయి పక్కకి పోయింది. కాఫీ కోసం కుళాయి దగ్గరికి ఎవరొస్తారు? ఈ చలికాలం సీజను కూడా ఇలాగే పోతే, కృపావతి బల్ల ఎత్తేసి కొండెక్కాల్సిందే.

చంపే ఉపాయం చెప్పింది కూడా సాయిదుర్గే, పాపం. నీళ్ళు కలపడం నేర్పిస్తూ నోరు జారింది.

"ఫిల్టరు నీళ్ళలోనే ఈ సముద్రపు ఉప్పు కలపాలి కృపావతీ. వంటుప్పు వేశావంటే అంతే సంగతులు. రాత్రంతా మోటారు తిరగాలి. ఉప్పు సరిపోయిందో లేదో మీటరు పెట్టి చూశాకే తొట్టిలో పొయ్యాలి. ఇంక పీహెచ్ అని ఒకటుంది. ఎనిమిదికి కాస్త పైన ఉండాలి. పులుపు చేరితే ఆ అంకె పడిపోతుంది, సున్నంలాంటిది చేరితే లేచిపోతుంది. ఎటు పోయినా నా పిల్లలు బతకరు."

"మరి పోతే ఏటి సేత్తారమ్మా?" అని అమాయకంగా అడిగింది కృపావతి.

"అమ్మో! మళ్ళీ తెచ్చుకునే గుండె నాకు లేదు. ఆ రోజే తొట్టి తీయించేస్తాను," అంది సాయిదుర్గ, అప్పుడే పోయినట్టు కళ్ళు తుడుచుకుంటూ. పక్కన పేపరు చదువుకుంటున్న వరహాలరావు కూడా "అంతే, అంతే" అని నిట్టూర్చాడు.

మర్నాటి నుంచే పని మొదలైంది. తొట్టిలో నీళ్ళు ఆవిరై కాస్త తగ్గుతాయి కాబట్టి పొద్దున్నే మగ్గుతో నింపాలి. ఆ మగ్గులో మూతెడు వెనిగర్ కలిపేది కృపావతి. "తప్పు నాది కాదు ప్రభువా, ఆ చోటుది," అని మనసులోనే సర్దిచెప్పుకునేది.

చేపలు చావలేదు. మూతెడు కాస్తా అరగ్లాసైంది. చేపలు మరింత హుషారుగా ఈదాయి. మధ్యాహ్నం సాయిదుర్గ చిన్న సీసాలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసేది. రోజూ అదే రంగు, అదే ఎనిమిది పైచిలుకు. పోసిన పులుపంతా ఎక్కడికి పోతోందో కృపావతికి అంతుచిక్కలేదు. పొద్దున పూట అద్దం లోపల సన్నటి తెల్ల పొర కనిపిస్తే, విషం పనిచేస్తోందని సంబరపడేది. మధ్యాహ్నానికి అదీ కరిగిపోయేది. చేపలు పట్టేవాళ్ళతో తిరిగిన ప్రభువు కదా, వాటి పక్షమే వహించాడేమో అనుకుంది.

దానికి తోడు పగడపు గుత్తులు పువ్వుల్లా విచ్చుకున్నాయి. లాడ్జికొచ్చిన వాళ్ళంతా తొట్టి ముందే సెల్ఫీలు. "అంతా మా కృపావతి చేతి చలవ!" అని సాయిదుర్గ అందరికీ చెప్పి మురిసిపోతుంటే, కృపావతికి సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు. అటు వంటవాడేమో వెనిగర్ సీసాలు ఎవరు తాగేస్తున్నారని కేకలు మొదలుపెట్టాడు.

సీజను రానే వచ్చింది. ఒక పొద్దున, సాయిదుర్గ కూరగాయలకని సంతకి వెళ్ళిన సమయం. కృపావతి మగ్గు పట్టుకుని తొట్టి దగ్గర నిలబడి ఉండగా వరహాలరావు వచ్చాడు. హాల్లో ఇంకెవరూ లేరని అటూ ఇటూ చూసుకున్నాడు.

"నిజం సెప్పు కృపావతీ. ఈ నీళ్ళల్లో నువ్వేటి కలుపుతున్నావు?"

కృపావతి మగ్గు కింద పెట్టేసింది. వంటవాడు చెప్పేసి ఉంటాడు. ఇంక కాఫీ బల్ల సంగతి దేవుడెరుగు, పోలీసుల దాకా పోకుండా ఉంటే అదే పదివేలు.

"తప్పైపోనాది బాబూ, కడుపు మంటతో..." అని మొదలెట్టింది.

ఆయన వినిపించుకునే స్థితిలో లేడు. తొట్టిలో చేపల వంక చూస్తూ, ఏడుపు మొహంతో గొంతు తగ్గించాడు.

"నాను సముద్రం ఒడ్డు భీమిలోడ్ని కృపావతీ! పిల్లల్లాంటోటి ముందు సేపలు వండనని మీ అమ్మగారు ఒట్టెట్టుకున్న కాడ్నుంచి పులుసు ముద్ద ఎరగను. రోజూ దీపాలెట్టే యేళకి ఈటిమీద గ్లాసుడు సున్నపు తేట పోత్తన్నాను, ఒక్కటీ సావదేటి?"