శిక్షణకు వచ్చిన ఒక్క నర్సు

రక్తం గడ్డకట్టని జబ్బు ఒక్క ఇంజెక్షన్‌తో నయమవడం మొదలై ఇరవై ఏళ్లయింది. విజయనగరంలో పైడినాయుడి ఒంటికి మాత్రం ఆ మందు పట్టలేదు. యాభై ఎనిమిదేళ్ల ఆయన ఇప్పటికీ వారానికి రెండుసార్లు తన నరంలోకి తానే పాత మందు ఎక్కించుకుంటాడు. ఈమధ్య చూపు మందగించి సూది గురి తప్పుతోంది. ఊళ్లోని నర్సుల్లో ఆ జబ్బును చూసినవాళ్లు లేరు.

అందుకే ఆ జబ్బు రోగుల సంఘం, ఉపకారవేతనమిచ్చి నర్సులకు ఆ పని నేర్పుతామని ఏటా ప్రకటిస్తోంది. మూడేళ్లు ఎవరూ రాలేదు. ఈసారి శాంతకుమారి అనే అమ్మాయి వచ్చింది. సంఘం హాల్లో పైడినాయుడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"మిగతా పేషెంట్లు ఎప్పుడొస్తారు బాబాయ్?"

"ఇంకెవరూ లేరమ్మా. ఒకప్పుడు ఆదివారమొస్తే ఇక్కడ నిలబడ్డానికి చోటుండేది కాదు. ఒకడి మోకాలు వాస్తే ఇంకొకడు ఐసు తెచ్చేవాడు. నయమయ్యాక ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. మంచిదే కదా."

ఆమె సూది అందుకుంది. రెండుసార్లు నరం దొరకలేదు.

"కంటితో వెతక్కమ్మా. వేలితో తడిమి చూడు," అన్నాడాయన ఓపిగ్గా.

మూడోసారి దొరికింది. మందంతా ఎక్కాక ఆమె సూది తీసి, దూది పెట్టి, ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఎన్నో ఏళ్లుగా ఆ దూది ఆయన తనే నొక్కుకుంటూ వచ్చాడు.

పావుగంట గడిచింది. రక్తం ఆగిపోయిందని ఆయనకు తెలుస్తూనే ఉంది.

"ఇంకాసేపు నొక్కాలా బాబాయ్?"

"నొక్కమ్మా," అన్నాడు పైడినాయుడు.