దానిమ్మ గింజ చుట్టూ ఉండే రంగు

"ఇది కళ్ళార్పమంటోంది అత్తయ్యా," అంది కోడలు ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుని. "ఆర్పితేగానీ పెదవులకు రంగు పెట్టదట."

"అయితే అది వద్దు," అంది అత్తగారు.

"కళ్ళార్పడానిక్కూడా బద్ధకమేనా మీకు?"

"వద్దన్నానుగా. ఇంకోటి చూడు."

మధ్యాహ్నపు ఎండ కిటికీ తెరలోంచి వడకట్టుకుని గదిలోకి వస్తోంది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే కోడలికి ఆ రోజు సెలవు. ఇద్దరూ మంచం మీద కూర్చున్నది నిజానికి అత్తగారి కంటి చుక్కల మందు తెప్పించడం కోసం. ఒక యాప్‌లో చుక్కలు చవకే కానీ ఎప్పటికొస్తాయో తెలియదు. ఇంకోదాంట్లో సాయంత్రానికే తెస్తారు కానీ డాక్టరు చీటీ ఫొటో పెడితే చదవలేకపోతున్నామని తిప్పి పంపుతున్నారు. అలా ఒక్కొక్కటే తెరుస్తుంటే, మందుల పక్కనే ఒక అమ్మాయి ముఖం కనిపించింది. వేలితో తాకినప్పుడల్లా ఆ పిల్ల పెదవుల రంగు మారుతోంది. కొనేముందు చూసుకోవచ్చునని కింద రాసి ఉంది.

అత్తగారి చూపు అక్కడే ఆగిపోయింది. అప్పటినుంచి చుక్కల సంగతి పక్కకుపోయి, పెదవులకు రంగు పెట్టే యాప్‌ల వేట మొదలైంది.

పోయిన చూపు ఇక తిరిగిరాదని, ఉన్నది నిలబడాలంటే చుక్కలు మానకూడదని కంటి డాక్టరు చెప్పి ఉన్నాడు. ఇప్పటికే దీపాల చుట్టూ రంగుల గాజులు తొడిగినట్టు కనిపిస్తోంది. మనుషులు పొగమంచులోంచి నడిచి వస్తున్నట్టుంటారు. దానికామె భయపడలేదు. మెలకువగానే కలలో తిరుగుతున్నట్టుంది, అంతే. బెంగల్లా ఒక్కటే. జీవితమంతా నూలుకు రంగులద్దిన మనిషి. ఎవరు ఏ రంగు అడిగినా తొట్టిలో కలిపి ఇచ్చేది. ఒక్క రంగు మాత్రం ఎన్నిసార్లు కలిపినా అదేనో కాదో తేల్చుకోలేకపోయింది. కళ్ళు పూర్తిగా మసకబారకముందే దాన్ని ఒక్కసారి చూసుకోవాలి.

"ఇది కళ్ళార్పమనదు," అంది కోడలు. "తల కుడికీ ఎడమకీ తిప్పమంటుంది."

"తిప్పడాలూ వద్దు."

"కదలకుండా కూర్చుంటే అదే వచ్చి పూసిపోవాలా? మీరేమైనా విగ్రహమా అత్తయ్యా?"

అత్తగారు నవ్వింది. "అలాంటిదుంటే చూడు తల్లీ."

ఉంది. చవకగా చుక్కలిచ్చే ఆ మొదటి యాప్‌లోనే, అట్టడుగున, ఎవరూ చూడని మూల ఉంది. ముఖం కనిపిస్తే చాలట, ఇంకేమీ చెయ్యనక్కర్లేదు.

"ముందు వయసు అడుగుతోంది. మీది వేసేస్తున్నా."

"ఇరవై రెండు వెయ్యి."

"అబ్బో. నాకన్నా చిన్నవారైపోయారే. ఇకనుంచి మీరే నన్ను అత్తయ్యా అనాలి."

"అంటాలే. వెయ్యి."

"ఒంటి రంగు? తెలుపని పెడతాను."

"చామనఛాయ."

"మీరు చామనఛాయా? మీ అబ్బాయి వింటే పడీపడీ నవ్వుతాడు."

"నవ్వనీ."

కోడలు తల ఎత్తి చూసింది. అద్దంలో ఆవిడ ముఖం ఆవిడకే నల్లగా, మసగ్గా కనబడుతోంది కాబోలు పాపం, అనుకుంది. గొంతు తగ్గించి అడిగింది. "ఏ రంగు కావాలో చెప్పండి."

"దానిమ్మ గింజ."

"ఇదిగో."

"అది గింజ రంగు. గింజ చుట్టూ ఒక రంగుంటుంది చూడు, ఎండకేసి పట్టుకుంటే తెలుస్తుంది. అది."

"ఎవరు చెప్పారు మీకు ఇలాంటివన్నీ?"

"మా నాన్న."

"మీ నాన్నగారికి లిప్‌స్టిక్ సంగతులెందుకండీ?"

"ఆడదిక్కు లేని ఇల్లు మాది. నాకు జడలేసిందీ ఆయనే. మామూలప్పుడు నోరు విప్పేవాడు కాదు. ఒళ్ళు కాలిపోయే జ్వరం వస్తే మాత్రం ఆ రంగు గురించి చెప్పేవాడు. తగ్గాక అడిగితే, నేనెప్పుడన్నాను అనేవాడు."

తెర మీద రంగులు ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. అత్తగారు దాదాపు ముక్కు ఆనించి చూస్తోంది.

"వెనక్కి. ఇంకొంచెం వెనక్కి. ఆఁ, ఆగు."

"దొరికింది కదా. చుక్కలతోపాటు దీన్నీ తెప్పించేస్తాను."

"వద్దు. చూస్తే చాలు."

"చూసి ఏం చేసుకుంటారు?"

"చూసుకుంటాను."

"సిగ్గా? నా ముందే చూసుకోండి. ఒట్టు, నవ్వను."

"నువ్వు నవ్వుతావని కాదు. చుక్కలకు ఆర్డరు పెట్టేసి ఫోను ఇటిచ్చి, పోయి టీ పెట్టు. ఈ బాణం గుర్తు దేనికి?"

"కెమెరాను అటువైపు తిప్పడానికి. దాంతో మీకేం పని?" అంటూ కోడలు ఫోను ఆమె చేతిలో పెట్టి లేచింది.

అత్తగారు తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకుంది. కిటికీ తెర పూర్తిగా పక్కకు లాగింది. ఎండ గోడెక్కింది. మసక కాస్తయినా పోతుందేమోనని కొంగుతో కళ్ళు రెండూ ఒత్తుకుంది. తర్వాత బాణం గుర్తు తాకి ఫోను పైకెత్తింది. తెరలో ముఖం కాసేపు నీళ్ళలో తేలినట్టు ఊగి, కుదురుకుంది.

"అత్తయ్యా, నప్పిందా?" వంటింట్లోంచి కోడలి గొంతు.

ఆమె తెరకు ముక్కు ఆనించి చూసింది.

గోడ మీది నలుపు తెలుపు ఫొటోలో, ఇరవై రెండేళ్ళ అమ్మ పెదవులకు రంగొచ్చింది.