నమూనా కుర్చీ

అనసూయమ్మ స్టీలు డబ్బా మూత తీయగానే అనిల్‌కుమార్‌కు ముందు నేతి వాసన వచ్చింది, ఆ వెనకే లంచం వాసన వచ్చింది. రెండూ అతనికి ఇష్టమైన వాసనలే.

"తాండూరు కందిపప్పుతోని చేసిన పోలెలు సారూ. ఇంట్ల చేసిన. తినుండ్రి," అంటూ ఆమె బొబ్బట్ల డబ్బాను బల్ల మీద అతని వైపు జరిపింది.

వికారాబాద్ బస్టాండు ఎదురు సందులో విమాన టికెట్లు అమ్మే ఆఫీసు అనిల్‌కుమార్‌ది. అతను ఏజెంటుగా ఉన్న చిన్న విమాన కంపెనీకి ఒక రూలుంది. సీటుకున్న రెండు చేతుల మధ్య పట్టని మనిషి రెండు టికెట్లు కొనాలి. ఎవరు పడతారో ఎవరు పట్టరో ముందే తేల్చడానికి కంపెనీ ప్రతి ఏజెంటుకూ ఒక నమూనా కుర్చీ పంపింది. పట్టిన వాళ్ల కాగితం మీద 'ఒక సీటు చాలు' అని ఏజెంటు ముద్ర కొట్టాలి.

ఎన్ని టికెట్లయితే అంత కమీషను. అందుకని అనిల్‌కుమార్ ఆ కుర్చీ చేతులకు లోపలి వైపు దూది పట్టీలు కుట్టించి, పైన అదే రంగు రెగ్జిన్ వేయించాడు. అటు రెండు వేళ్ల మందం, ఇటు రెండు వేళ్ల మందం. కుర్చీ ఇరుకుగా ఉందని ఎవరైనా గొడవ పెట్టుకుంటే తనే వెళ్లి చటుక్కున అందులో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని చూపించేవాడు. "నేను పట్టలేదా? తప్పు కుర్చీది కాదు," అనేవాడు. సన్నటి మనిషి కాబట్టి ఎవరూ మారు మాట్లాడేవారు కాదు.

అనసూయమ్మ తాండూరులో బండలు పాలిష్ పట్టే యూనిట్ నడుపుతుంది. భారీ మనిషి. కిందటి వారం కాశీ ప్రయాణం కోసం మొదటిసారి ఈ ఆఫీసుకు వచ్చినప్పుడు, ఆ కుర్చీలోకి సగం దిగి ఆగిపోయింది. వరసలో నిలబడ్డ వాళ్లు కిసుక్కున నవ్వారు.

"పోయేది ఒక్కదాన్నే గద సారూ, రెండు టికెట్లు ఎందుకు? నా ఒళ్లే గింత. నేనేం జేయాలె?"

"రూల్ రూలే పెద్దమ్మా. జర సన్నగయ్యి రా, మళ్లా చూస్త."

అందరి ముందూ ఆ మాట పడేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేస్తూ లేస్తూ కుర్చీ చేతుల మధ్య జాన పరిచింది, దాని పక్కన మళ్లీ వేళ్లు ఆనించింది. రోజంతా బండలు కొలిచే చెయ్యి ఊరికే ఉండదులే అనుకున్నాడు అనిల్‌కుమార్. అలవాటు ప్రకారం తను వెళ్లి కూర్చుని చూపించాడు. ఆమె అతన్ని పై నుంచి కింది దాకా తీరిగ్గా చూసి వెళ్లిపోయింది.

ఇదిగో, ఈ సోమవారం పోలెలతో వచ్చింది. అక్కడి నుంచి ప్రతి సోమవారం అదే వరస. డబ్బా ఇచ్చేది, కుర్చీలో కూర్చోబోయేది, పట్టేది కాదు. "ఇంకో వారం చూద్దాం," అనేవాడు అనిల్‌కుమార్. ముద్ర కొట్టేస్తే మళ్లీ డబ్బా వస్తుందా? అతనంత అమాయకుడు కాదు. డబ్బాకు ఇరవై పోలెలు. ఇంటికి తీసుకెళ్తే భార్య రజిని చుట్టుపక్కల వాళ్లకు పంచేస్తుందని ఆఫీసులోనే దాచుకుని, పొద్దున రెండు, సాయంత్రం రెండు లాగించేవాడు.

రెండో నెలలో ఆమె వరసగా రెండు సోమవారాలు రాలేదు. అనిల్‌కుమార్ పరేషానైపోయాడు. మూడో సోమవారం మణికట్టుకు కొత్త నల్లదారంతో, పోలెల డబ్బాకు తోడు ఎర్రటి పేడాల పొట్లంతో ఆమె గుమ్మంలో కనబడేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఐదు నెలలు గడిచాయి. అతని బెల్టు చివరి వైపు మూడు కొత్త రంధ్రాలు పడ్డాయి. ప్యాంట్లు ఉతుకులో కుంచించుకుపోతున్నాయని రజిని చేత సబ్బు మార్పించాడు. ఈ మధ్య గొడవ పడేవాళ్లు లేక, కుర్చీలో కూర్చుని చూపించే పని కూడా పడలేదు.

ఒక సోమవారం, అనసూయమ్మ ఉండగానే, కంపెనీ తనిఖీ అధికారి కుమారస్వామి హైదరాబాద్ నుంచి దిగాడు.

"మీ కుర్చీ ఇరుకని ఫిర్యాదు వచ్చింది. కొలతలో తేడా ఉంటే ఏజెన్సీ పోతుంది," అన్నాడు జేబులోంచి టేపు తీస్తూ.

అనిల్‌కుమార్ గబుక్కున లేచాడు. ఏజెన్సీ పోతే అతనికి వేరే బతుకుతెరువు లేదు. ఆ టేపు కుర్చీని తాకకూడదు. ఎన్నోసార్లు పనికొచ్చిన ఉపాయమే మళ్లీ గుర్తొచ్చింది.

"టేపెందుకు సార్? నేను కూసొని చూపిస్త," అంటూ వెళ్లి కుర్చీలో కూర్చోబోయాడు.

సగంలో ఆగిపోయాడు. ఊపిరి బిగబట్టి, ఒళ్లంతా కిందికి నొక్కుకుని, ఎలాగో దిగాడు. కాలు మీద కాలు వేయబోతే కాలు కదల్లేదు. లేవబోతే కుర్చీ కూడా అతనితో పాటే లేచింది.

కుమారస్వామి జాలిపడి కుర్చీ చెయ్యి పట్టుకుని గట్టిగా లాగాడు. కుట్లు పటపటా తెగి, బొద్దుగా దూది బయటికొచ్చింది. ఆయన ఆ దూదినీ, అనిల్‌కుమార్‌నీ మార్చి మార్చి చూసి, హెడ్డాఫీసుకు ఫోన్ చేయడానికి బయటికి నడిచాడు.

కుర్చీలోంచే అనిల్‌కుమార్ చేతులు జోడించాడు. "పెద్దమ్మా, నీకు దండం పెడ్త. గీ కుర్చీతోని ఎవ్వరికీ ఏ తక్లీఫ్ రాలేదని సార్‌కు ఒక్క మాట చెప్పు. నీ కాయితం మీద గిప్పుడే ముద్ర కొడ్త. రేపే కాశీకి పో!"

అనసూయమ్మ డబ్బా మూత తీసి, నిండు డబ్బాను అతని ఒళ్లో పెట్టింది.

"పట్నంల రెండు టికెట్లు కొనుక్కొని నేను కాశీకి పోయొచ్చి మూడు నెలలాయె సారూ, మీరు గా కుర్చీల పట్టకుంట కావాలెననే గిన్ని పోలెలు చేసుకొచ్చిన."