వేషం కుదిరింది

“ఈ రోజు ఒక్క ముసలాడు కూడా గేటు దాటి లోపలికి రాకూడదు!” డైరెక్టరుగారు గుడ్లురిమారు.

“వృద్ధుల సేవాకేంద్రం ప్రారంభోత్సవం కద సార్...” నసిగింది సహాయాధికారిణి.

“అయితే? కేంద్రం కట్టింది వాళ్ళ కోసం, వాళ్ళ సొద వినడానిక్కాదు. ఒకావిడ మెట్లంటుంది, ఒకాయన బాత్రూమంటాడు, ఇంకొకడు వీధికొచ్చే డాక్టర్ని ఎందుకు మాన్పించారని ప్రాణం తీస్తాడు. మంత్రిగారి ముందు ఆ గోలెవడు పడతాడు?”

“వాళ్ళడిగేదాంట్లో న్యాయముంది సార్. నెల్నాళ్ళుగా మందులు ఈ మేడ మీదే ఇస్తున్నాం, మెట్లెక్కలేక చాలామంది మందులే మానేశారు. ఇవాళ మంత్రిగారు సరేనంటే అన్ని ఊళ్ళలోనూ ఇదే పద్ధతి వచ్చేస్తుంది.”

“రావాలనే కదమ్మా నా తాపత్రయం! ముసలాళ్ళని అడిగి ప్రణాళికలు వేస్తే వాళ్ళు కాటికి పోయేదాకా ఫైలు కదలదు. నాటకాల కంపెనీకి చెప్పాను. వేషాలు వేసుకుని వెనక గుమ్మంలోంచి వస్తారు. నేను నేర్పిన నాలుగు ముక్కలూ అప్పజెప్పి పోతారు.”

ఆ ప్రణాళిక రాయడానికి ఆయన దేశాలు తిరిగొచ్చారు గానీ, పక్క వీధికి వెళ్ళిన పాపాన పోలేదు.

ముందు గేటుకి తాళం పడింది. కాసేపటికి వెనక గుమ్మంలోంచి అయిదారుగురు లోపలికొచ్చారు. చేతికర్రతో ఒక గడ్డం ముసలాయన, నడుం వంగిపోయిన ఒకావిడ, వాళ్ళ వెనక మిగతావాళ్ళు. డైరెక్టరుగారి మొహం చేటంతయింది.

“భేష్! వేషమంటే ఇదీ! అచ్చం ఇవాళో రేపో అన్నట్టే ఉన్నారు. ఆ చెయ్యి వణుకు చూడమ్మా, ఎంత సహజంగా ఉందో! ఏమయ్యా, మరీ అంత వణికించకు. చూసేవాళ్ళకి జాలి పుడుతుంది.”

గడ్డం ముసలాయన తల దించుకున్నాడు. వణుకు మాత్రం ఆగలేదు.

“పైకి మాత్రం నవ్వుతూ ఎక్కాలి. ఆయాసపడే సీను మనకి లేదు. ఏమ్మా, మంత్రిగారు అడిగితే ఏమంటావు?”

“ఏమనాలి బాబూ?” అంది నడుం వంగినావిడ.

“‘కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత బాగా చూడరమ్మా’ అనాలి. అని కళ్ళు తుడుచుకోవాలి. నిజం ముసలాళ్ళకైతే ఇంత చిన్న ముక్క కూడా బుర్రకెక్కదు. తినడం, గొణగడం తప్ప వాళ్ళకింకేం వచ్చు?”

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. “నాకు బాగానే ఎక్కింది” అంది.

మంత్రిగారు వచ్చారు. ఆవిడ వెంట కెమెరాలొచ్చాయి. మేడ మీది హాలు కిటకిటలాడింది. రిబ్బను కత్తిరించి, మంత్రిగారు నేరుగా వెళ్ళి నడుం వంగినావిడ పక్కన కూర్చున్నారు.

“పెద్దమ్మా, ఎలా ఉంది మీ కేంద్రం?”

“ఎక్కేసరికి ప్రాణం కళ్ళలోకొచ్చిందమ్మా. తీరా పైకొస్తే బాత్రూము కింద ఉందన్నారు. మా వీధికి డాక్టరొచ్చేవాడు, మాన్పించేశారు. మందుల్లేక మా అక్క మంచాన పడింది. ఇదంతా చేసిన పెద్దమనిషి మాలో ఒక్కరినైనా ఒక్క మాట అడిగితే ఒట్టు!”

సహాయాధికారిణి నేల చూపులు చూసింది. డైరెక్టరుగారు ముందుకు దూకారు.

“ఏయ్! నేను చెప్పిందేంటి, నువ్వు వాగేదేంటి?” అని గద్దించి, మంత్రిగారి వైపు తిరిగారు. “నమ్మకండి మేడం! వీళ్ళసలు ముసలాళ్ళే కారు. వేషాలు కట్టుకుని పొట్ట పోసుకునే నాటకాలవాళ్ళు. కావాలంటే చూడండి!”

అంటూనే గడ్డం ముసలాయన తెల్లగడ్డం పట్టుకుని ఒక్క గుంజు గుంజారు.

“అబ్బా!” అన్నాడు ముసలాయన. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గడ్డం మాత్రం ఊడలేదు.

“బంక గట్టిగా పెట్టినట్టున్నారు మేడం...” అంటూ డైరెక్టరుగారు రెండో చెయ్యి కూడా వేశారు.

అప్పుడే గుమ్మంలో అలికిడైంది. నున్నటి మొహాల మీద ముడతలు గీసుకుని, నల్లటి జుట్టుకి తెల్లరంగు పూసుకున్న కుర్రాళ్ళు బిలబిలమంటూ లోపలికొచ్చారు. ముందున్నవాడు రొప్పుతూ చేతులు జోడించాడు.

“క్షమించండి సార్, దారిలో బండి మొరాయించింది. ముసలాళ్ళం వచ్చేశాం!”